దిక్కుల లెక్క – 11: చాదర్‌ఘాట్ నుంచి ధ్రువం మీదుగా

చాదర్‌ఘాట్ వంతెన మీది నుంచి ముక్కుసూటిగా ఉత్తరానికి బయలుదేరామనుకోండి. కుడికీ ఎడమకీ తిరగకూడదు, అంతే షరతు. ఆదిలాబాద్ తగులుతుంది. ఝాన్సీ, తెహ్రీ కొండలు, లద్దాఖ్ దాటాక తక్లమకాన్ ఎడారి పడమటి కొస, కజకిస్తాన్, సైబీరియా, కారా సముద్రం. ఆపైన మంచు తప్ప మరేమీ ఉండదు. 8,000 కిలోమీటర్ల పైచిలుకు పోయాక ఉత్తర ధ్రువం వస్తుంది. అక్కడా ఆగకుండా, తిరగకుండా అలాగే సాగిపోతే మనం కిందికి దిగేది పశ్చిమ రేఖాంశం 101½ డిగ్రీల మీద. కెనడా దీవులు, ఉత్తర డకోటా, చివరికి టెక్సస్ పడమటి మైదానాలు.

అంటే మన చాదర్‌ఘాట్‌కీ టెక్సస్‌కీ నడుమ మలుపే లేని దారి ఒకటుంది. విచిత్రమేమిటంటే ఆ దారిలో విమానం ముక్కు ఒక్కసారీ పక్కకు తిరగకపోయినా, ధ్రువానికి ఇవతల ‘000 డిగ్రీలు’ అని రాసుకున్న నావిగేటరు అవతల ‘180 డిగ్రీలు’ అని రాసుకోవాలి. ఉత్తరానికి పోతున్నవాడు రెప్పపాటులో దక్షిణానికి పోతున్నవాడైపోతాడు.

ఇదైనా నయం. ధ్రువం నడినెత్తి మీదుగా పోతే మార్పు ఒక్కసారే. అసలు చిక్కు ధ్రువానికి కాస్త పక్కనుంచి పోయేవాడికి వస్తుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతున్న జెట్ విమానం ధ్రువానికి 100 కిలోమీటర్ల దూరం నుంచి తిన్నగా దాటుతోందనుకుందాం. అతి దగ్గరగా వచ్చిన ఆ క్షణాల్లో దాని దిక్కు నిమిషానికి ఎనిమిదిన్నర డిగ్రీల చొప్పున మారుతూ ఉంటుంది. పైలటు మాత్రం చేయి కదిలించడు. మారేది అతని దారి కాదు, కాళ్ల కింది ఉత్తరం. స్కేలు పెట్టి గీసిన ఒకే గీతకు పొడవునా దిక్కు అంకె మారిపోతూ ఉంటే ఆ గీత మీద విమానాన్ని నడిపేదెలా? ఈ వారం కథ అదే.

మూలాలు వెతకడానికి అంత దూరం పోనక్కర్లేదు. చాదర్‌ఘాట్ చాలు.

ఇప్పుడంటే ఆ పేరు వినగానే మలక్‌పేట వైపు దిగే వంతెన, దాని మీద కదలని ట్రాఫిక్కు గుర్తొస్తాయి గానీ నిజాం కాలంలో చాదర్‌ఘాట్ చాలా పెద్దది. మూసీకి ఉత్తర ఒడ్డున బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బస్తీలు, ఈనాటి ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కలతో సహా, పాత కాగితాల్లో చాదర్‌ఘాట్ కిందికే వచ్చేవి. 1886లో దానికి విడిగా మునిసిపాలిటీ ఏర్పడింది. 1933లో హైదరాబాద్ మునిసిపాలిటీలో కలిసిపోయింది. కిర్క్‌పాట్రిక్ 1803లో కట్టడం మొదలుపెట్టించిన రెసిడెన్సీ భవనమే తర్వాత కోఠీ మహిళా కళాశాల అయింది.

ఆ రెసిడెన్సీ వైభవంలో ఉన్న రోజుల్లోనే హైదరాబాద్‌ను మకాంగా చేసుకుని ఒక మనిషి భూమిని కొలిచాడు. పేరు విలియం లాంబ్టన్. మద్రాసులో 1802లో మొదలైన అతని కొలతలు 78వ రేఖాంశం వెంబడి ఉత్తరానికి పాకుతూ వచ్చాయి. బీదర్ పరిసరాల్లోని దామరగిద్ద దగ్గర 1815లో ఒక ఆధార రేఖను గొలుసులు పరిచి కొలిచారు. 1818 జనవరి 1 నుంచి ఆ సర్వేను కలకత్తా ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుని దానికి మహా త్రికోణమితి సర్వే అని పేరు పెట్టింది. ఆ ఏడాది చివర లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాద్ వచ్చినవాడు జార్జ్ ఎవరెస్ట్. కొండకు పేరు అంటుకోవడానికి అప్పటికింకా చాలా ఏళ్లు ఉంది. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో, యెల్లాపురం దగ్గర, అతని బృందం మొత్తం చలిజ్వరంతో పడకేసింది. కొందరు దారిలోనే పోయారు, మిగిలినవాళ్లను హైదరాబాద్ చేర్చారు. ఎవరెస్ట్ ఆరోగ్యం కుదుటపడటానికి మరుసటి ఏడాది కేప్ ఆఫ్ గుడ్‌హోప్ దాకా పోవలసి వచ్చింది. లాంబ్టన్ 1823 జనవరిలో నాగపూర్ దారిలో, హింగణ్‌ఘాట్‌లో కన్నుమూశాడు.

ఈ కథ చాలామంది చెప్పారు. నాకు కావలసింది మాత్రం వాళ్ల లెక్కల పుస్తకాల్లోని ఒక చిన్న సవరణ.

రాత్రివేళ ధ్రువ నక్షత్రాన్ని థియొడొలైట్‌లో పట్టి అసలైన ఉత్తరం ఏదో తేల్చుకుని, ఒక కొండ మీది నుంచి ఇంకో కొండ ఏ దిక్కున ఉందో రాసుకునేవారు. తర్వాత ఆ రెండో కొండ ఎక్కి వెనక్కి మొదటి కొండను చూసేవారు. రెండు కోణాలకూ తేడా సరిగ్గా 180 డిగ్రీలు రావాలి కదా? రాదు. కాస్త ఎక్కువో తక్కువో వస్తుంది. థియొడొలైట్ తప్పు కాదది, భూమి గుండ్రనితనం. ఉత్తర దక్షిణాలుగా గీసిన మధ్యాహ్న రేఖలు సమాంతరంగా ఉండవు, పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలుతుంటాయి. ఎంత వాలాయో చెప్పే సూత్రం ఇంత చిన్నది: రెండు చోట్ల రేఖాంశాల తేడాను అక్షాంశం సైన్‌తో గుణించాలి. ఆ వాలుకు పేరు కన్వర్జెన్సీ.

మన దగ్గర అదెంత ఉంటుందో చూద్దాం. హైదరాబాద్, విశాఖపట్నం రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, పదిహేడున్నర డిగ్రీల అటూ ఇటూగా ఉన్నాయి. రేఖాంశాల తేడా 4.8 డిగ్రీలు. పదిహేడున్నర డిగ్రీల సైన్ 0.3. గుణిస్తే 1.4 డిగ్రీలు. అంటే హైదరాబాద్‌లో 85½ డిగ్రీల దిక్కున బయలుదేరి అతి తక్కువ దూరపు దారిలో పోయిన విమానం విశాఖ చేరేసరికి 87 డిగ్రీల దిక్కున పోతూ ఉంటుంది. బేగంపేట నుంచి డకోటాలు నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ పైలట్లకు ఇది పట్టించుకోవలసినంత సంగతి కాదు. పక్కగాలే అంతకు ఎన్నో రెట్లు తోసేస్తుంది.

కానీ సూత్రంలోని ఆ సైన్‌ను గమనించండి. భూమధ్యరేఖ దగ్గర అది సున్నా. చాదర్‌ఘాట్‌లో 0.3. ధ్రువం దగ్గర నిండుగా ఒకటి. ఇక్కడ రేఖాంశం ఒక డిగ్రీ మారితే దిక్కు డిగ్రీలో మూడో వంతు కూడా మారదు. అక్కడ ఒక డిగ్రీకి ఒక డిగ్రీ. పైగా రేఖాంశాలన్నీ అక్కడ ఒక్కచోట గుమికూడి ఉంటాయి కాబట్టి విమానం పది నిమిషాల్లో పదుల డిగ్రీలు దాటేస్తుంది. లాంబ్టన్ గుమాస్తాలు పుస్తకం అంచున వేసుకున్న సవరణే ధ్రువం దగ్గర పుస్తకాన్నంతా ఆక్రమిస్తుంది. ధ్రువ నౌకాయానపు కష్టం ఏదో కొత్త లోకం నుంచి ఊడిపడలేదు. మన దగ్గర మూడో వంతు ఉన్నదే అక్కడ పూర్తిగా ఎదురవుతుంది.

ఇక పటాల సంగతి. గోడకు తగిలించే ప్రపంచ పటంలో గ్రీన్లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుందే, ఆ పద్ధతి 1569 నాటి మెర్కేటర్‌ది. అందులో రేఖాంశాలు నిలువుగా, సమాంతరంగా ఉంటాయి. దిక్కు మారకుండా పోయే దారి అందులో తిన్నని గీత అవుతుంది కాబట్టి ఓడల వాళ్లకు అది నాలుగు వందల ఏళ్లు కామధేనువు. అయితే ఆ పటంలో ధ్రువం ఉండదు. ఎంత కాగితం అతికించినా అందదు, అనంత దూరంలో ఉంటుంది. మెర్కేటర్‌కూ ఆ సంగతి తెలుసు. అందుకే తన పటం మూలలో ధ్రువ ప్రాంతాన్ని విడిగా గుండ్రంగా గీసి పెట్టాడు.

విమానాల వాళ్లు అక్కడ వాడేది పోలార్ స్టీరియోగ్రాఫిక్ పటం. పై నుంచి చూసిన గొడుగులా ఉంటుంది: నడుమ ధ్రువం, దాని నుంచి ఊచల్లా అన్ని వైపులకూ రేఖాంశాలు, చుట్టూ వలయాలుగా అక్షాంశాలు. కోణాలు చెదరవు. ధ్రువానికి దగ్గర్లో ఈ పటం మీద స్కేలుతో గీసిన గీత, భూమి మీద అతి దగ్గర దారి అయిన మహావృత్తానికి దాదాపు సమానం.

పటం మీద లెక్క ఎలా వేస్తారో ఒక్కసారి దగ్గరగా చూద్దాం. బారెంట్స్ సముద్రం మీద ఉత్తర అక్షాంశం 75, తూర్పు రేఖాంశం 20 దగ్గర ఒక చుక్క పెట్టండి. కెనడా దీవుల మీద అదే అక్షాంశం 75, పశ్చిమ రేఖాంశం 100 దగ్గర ఇంకో చుక్క. రెంటినీ పెన్సిలుతో కలపండి. ఇప్పుడు మొదటి చుక్క, రెండో చుక్క, ధ్రువం కలిసి ఒక త్రిభుజం. రెండు చుక్కలూ ధ్రువానికి సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి అది సమద్విబాహు త్రిభుజం. ధ్రువం దగ్గరి కోణం రేఖాంశాల తేడా, అంటే 20కి 100 కలిపితే 120 డిగ్రీలు. మిగిలిన 60 డిగ్రీలను కింది రెండు కోణాలూ చెరి సగం పంచుకుంటాయి, ఒక్కోటి 30. మొదటి చుక్క దగ్గర ధ్రువమే ఉత్తరం. మన గీత దానికి 30 డిగ్రీలు ఎడమగా పోతోంది. 360లోంచి 30 తీస్తే 330. బయలుదేరే దిక్కు అదే.

గీత నడిమధ్యలో, పశ్చిమ రేఖాంశం 40 దగ్గర, విమానం ధ్రువానికి అతి దగ్గరగా, 82½ డిగ్రీల అక్షాంశం మీద ఉంటుంది. అక్కడ దిక్కు 270, అంటే నేరుగా పడమర. చివరి చుక్క చేరేసరికి 210, నైరుతి వైపు. ఉత్తరానికి బయలుదేరి, పడమరగా సాగి, నైరుతిగా దిగిన ఈ దారి కాగితం మీద ఒకే తిన్నని గీత. 330 నుంచి 210కి మారింది 120 డిగ్రీలు, రేఖాంశాల తేడా కూడా 120. సైన్ ఒకటి కావడమంటే ఇదే. (గోళం మీద ఖచ్చితంగా లెక్కేస్తే బయలుదేరే దిక్కు 329 అవుతుంది. ఆ ఒక్క డిగ్రీ పటం పుచ్చుకునే కమీషను.)

ఈ అంకెల గంతులను వదిలించుకునే ఉపాయం వినడానికి పిల్లకాయల తెలివిలా ఉంటుంది. ఎవరి ఉత్తరం వాళ్లకు వద్దు, అందరికీ గ్రీన్విచ్ ఉత్తరమే ఉత్తరమని ఒప్పుకుందాం అన్నారు. పటం నిండా గ్రీన్విచ్ రేఖకు సమాంతరంగా గళ్లు గీశారు. ఆ గళ్ల ప్రకారం కొలిచిన దిక్కు గ్రిడ్ దిక్కు. ఉత్తరార్ధ గోళంలో తూర్పు రేఖాంశమైతే అసలు దిక్కులోంచి తీసేయాలి, పశ్చిమ రేఖాంశమైతే కలపాలి. మన గీతకు పెట్టి చూడండి. మొదట్లో 330లోంచి 20 తీస్తే 310. నడుమ 270కి 40 కలిపితే 310. చివర 210కి 100 కలిపితే 310. మూడు చోట్లా ఒకటే అంకె! గీత తిన్ననిదని మన కళ్లకు కనిపిస్తున్న సంగతిని ఇప్పుడు అంకె కూడా ఒప్పుకుంది. దక్షిణ ధ్రువం దగ్గర కూడికా తీసివేతా తారుమారవుతాయి.

ఈ పద్ధతి వెనకున్న మనిషి కెనడాకు చెందిన వైమానిక నావిగేటరు కె.సి. మక్లూర్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని గ్రీన్విచ్ గ్రిడ్ పేరుతో ప్రతిపాదించాడు. 1945 మేలో, యూరప్‌లో యుద్ధం ముగిసి పట్టుమని పది రోజులైనా కాకుండానే, బ్రిటన్‌లోని షాబరీ నావిగేషన్ స్కూలు వాళ్లు ‘ఏరీస్’ అనే లాంకాస్టర్ విమానంలో ధ్రువం మీదుగా ఎగిరి దాన్ని పరీక్షించారు. దళపతి వింగ్ కమాండర్ మెకిన్లీ. మే 17న ధ్రువం దాటారు.

అంతకు ముందువాళ్లు ఎలా పోయారన్నది ఆశ్చర్యమే. 1926 మే 12న అముండ్‌సెన్, ఎల్స్‌వర్త్, నోబిలే ‘నోర్గే’ ఎయిర్‌షిప్‌లో ధ్రువం దాటారు. 1928 ఏప్రిల్‌లో విల్కిన్స్, ఐల్సన్ ఇద్దరే ఒంటి ఇంజిను విమానంలో అలాస్కా కొస నుంచి స్పిట్స్‌బెర్గెన్‌కు ఇరవై గంటలపైన ఎగిరారు. దారి పొడవునా దిక్కు మార్చి మార్చి లెక్కేసుకుంటూనే ఉన్నాడు విల్కిన్స్. 1937 జూన్‌లో చ్కాలోవ్ బృందం మాస్కో నుంచి ధ్రువం మీదుగా అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం దాకా ఆగకుండా 63 గంటలు నడిపింది. అందులో నావిగేటరు బెల్యకోవ్. చ్కాలోవ్ పేరు వీధులకు పెట్టారు, బెల్యకోవ్‌ను తలుచుకునేవాళ్లు తక్కువ. నా దృష్టిలో ఆ ప్రయాణం సగానికిపైగా బెల్యకోవ్‌దే.

వీళ్లందరికీ దిక్సూచి ఎందుకు పనికిరాలేదంటే, అది చూపేది భూమి ధ్రువాన్ని కాదు, అయస్కాంత ధ్రువాన్ని. జేమ్స్ క్లార్క్ రాస్ 1831 జూన్ 1న కెనడా ఉత్తర కొసన బూథియా ద్వీపకల్పంలో దాన్ని మొదటిసారి పట్టుకున్నాడు. కాకతాళీయమే గానీ మూసీ మీద మన చాదర్‌ఘాట్ వంతెనను కర్నల్ ఒలిఫెంట్ కట్టింది కూడా 1831లోనే. వంతెన 1908 వరదల్లో దెబ్బతిని కూడా ఉన్నచోటే ఉంది. అయస్కాంత ధ్రువం మాత్రం అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. ఈ శతాబ్దంలో ఏడాదికి సుమారు 50 కిలోమీటర్ల చొప్పున కెనడా నుంచి సైబీరియా వైపు పరుగుతీసింది. ఆ వేగానికి ప్రపంచ అయస్కాంత నమూనాను గడువుకు ముందే, 2019 ఫిబ్రవరిలో, దిద్దుకోవలసి వచ్చింది. హైదరాబాద్‌లో సూది అసలు ఉత్తరానికి డిగ్రీ అటూ ఇటూగా నిలుస్తుంది, అదృష్టవంతులం. అయస్కాంత ధ్రువం చుట్టుపక్కల సూది నేలలోకి దిగబడాలని చూస్తుంది, పక్కకు లాగే బలమే మిగలదు.

అందుకని ఆశ్రయించింది గైరోను. వేగంగా తిరిగే ఆ చక్రం అంతరిక్షంలో ఒక దిక్కును పట్టుకుని వదలదు. చిక్కల్లా అది వదలకపోయినా భూమి కింద తిరిగిపోతూ ఉంటుంది. ఆ తేడా గంటకు 15 డిగ్రీలను అక్షాంశం సైన్‌తో గుణించినంత. చాదర్‌ఘాట్‌లో గంటకు నాలుగున్నర డిగ్రీలు, ధ్రువం దగ్గర మొత్తం 15. మళ్లీ ఆ సైనే! గ్రిడ్ లెక్కలో 15 డిగ్రీల సవరణ పెట్టుకుంటూ, మధ్యమధ్య సూర్యుణ్నో నక్షత్రాన్నో కొలిచి గైరోను సరిచూసుకుంటూ పోవడమే ఆనాటి ధ్రువ నావిగేటరు ఉద్యోగం. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ ఈ గ్రిడ్, గైరోల జోడీని నమ్ముకునే 1954 నవంబర్ 15న కోపెన్‌హాగెన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు, 1957 ఫిబ్రవరి 24న ధ్రువం మీదుగా టోక్యోకు సర్వీసులు మొదలుపెట్టింది.

లెక్క తప్పితే ఏమవుతుందో 1978 ఏప్రిల్ 20న తెలిసింది. కొరియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 707 ఒకటి పారిస్ నుంచి సియోల్‌కు, నడుమ అలాస్కాలోని ఆంకరేజ్‌లో దిగేలా, బయలుదేరింది. ఆ విమానంలో అప్పటికే చాలా విమానాల్లో వచ్చేసిన, తానున్న చోటును తానే లెక్కగట్టుకునే ఇనర్షియల్ వ్యవస్థ లేదు, లెక్కంతా నావిగేటరుదే. ఆంకరేజ్ వైపు సాగవలసిన విమానం పెద్ద వంపు తిరిగి రష్యా వైపు మళ్లింది. అయస్కాంత దిక్కును అసలు దిక్కుగా మార్చేచోట కూడవలసింది తీసివేశారన్నదే ఈ పొరపాటుకు తరచుగా చెప్పే కారణం. సవరణ పదుల డిగ్రీల్లో ఉండే చోట గుర్తు తారుమారైతే తప్పు దానికి రెట్టింపవుతుంది. సూర్యుడు ఉండవలసిన వైపు కాక ఇంకోవైపు కనిపిస్తున్నా విమానం అలాగే సాగిపోయింది. సోవియట్ యుద్ధ విమానం క్షిపణి వదిలింది. ఎడమ రెక్క కొస ఎగిరిపోయింది. పైలటు చీకట్లో గడ్డకట్టిన చెరువు మీద విమానాన్ని దించాడు. 109 మందిలో ఇద్దరు చనిపోయారు. 107 మంది బతకడం ఆ పైలటు చేతి చలువ. కానీ ఆ చెరువు దాకా తీసుకొచ్చింది ఒక కూడికా తీసివేతా గుర్తు.

ఇప్పుడు నావిగేటరు సీటే లేదు. లేజర్ గైరోలు భూమి తిరుగుడును తామే పసిగట్టి అసలు ఉత్తరాన్ని కనిపెడతాయి. అలాంటి లేజర్ గైరోలతో క్షిపణులకు దారి చూపే వ్యవస్థలను హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ తయారుచేసింది. ధ్రువ ప్రాంతంలోకి పోగానే విమానం కంప్యూటరు అయస్కాంత దిక్కును పక్కనపెట్టి అసలు దిక్కుకు మారిపోతుంది. కాక్‌పిట్ తెర మీద అంకెలు గిర్రున తిరుగుతుంటే పైలట్లు చూస్తూ కూర్చుంటారు. వాళ్ల దిగులు వేరే వాటి మీద: ఇంధనం చలికి గడ్డకట్టే ఉష్ణోగ్రతకు ఎంత దూరంలో ఉంది (మామూలుగా వాడే జెట్ ఎ-1కు ఆ హద్దు సున్నాకు 47 డిగ్రీలు దిగువన), అత్యవసరమైతే దిగడానికి ఏ విమానాశ్రయం ఉంది, ఉపగ్రహ ఫోను అందని చోట రేడియో పలుకుతుందా లేదా అని.

మన దేశపు విమానం ధ్రువ మార్గం పట్టింది 2019 ఆగస్టు 15న, ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మొదటి సర్వీసును ధ్రువం మీదుగా నడిపింది అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తోపాటు కాక్‌పిట్‌లో ఉన్న ముగ్గురిలో పాపగారి తన్మయి ఒకరు, తక్కినవారు ఆకాంక్ష సోనవనే, శివానీ మన్హాస్. జనవరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగారు. అదే నెల 15న హైదరాబాద్, చికాగోల మధ్య ఆగకుండా పోయే సర్వీసు మొదలైంది. బోయింగ్ 777లో 238 సీట్లు. పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలకు గల్ఫ్‌లోనో యూరప్‌లోనో విమానం మారే బాధ లేకుండా అప్పట్లో అది ఒకే ఎగురు. ఆ సర్వీసు తర్వాత ఆగిపోయింది.

శంషాబాద్ నుంచి చికాగోకు దారం లాగి చూస్తే అతి దగ్గర దారి సుమారు 13,300 కిలోమీటర్లు. చికాగో మనకు పడమరన ఉందని ఎవరినడిగినా చెబుతారు. ఆ దారిలో బయలుదేరే దిక్కు మాత్రం 348 డిగ్రీలు, ఉత్తరానికి పన్నెండు డిగ్రీలే ఎడమ. గ్రీన్లాండ్‌కూ స్పిట్స్‌బెర్గెన్‌కూ నడుమ 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, చికాగోలో దిగేటప్పటికి 195, అంటే దక్షిణం దాటి కాస్త పడమర. గాలులను బట్టి అసలు విమానం అటూ ఇటూ జరుగుతుంది గానీ లెక్క ఇదే. మనం నేర్చుకున్న గ్రిడ్ సూత్రం దీనికి పెట్టి చూడండి. శంషాబాద్‌లో 348లోంచి 78 తీస్తే 270. చికాగోలో 195కి 88 కలిపితే 283. ఒకటే అంకె రాలేదు, పదమూడు డిగ్రీల తేడా వచ్చింది. శంషాబాద్‌లో సైన్ 0.3, చికాగోలో 0.67 కావడమే కారణం. గ్రిడ్ ధ్రువానికి దగ్గర్లోనే సరిగ్గా నప్పుతుంది, కింది అక్షాంశాలకు లాంబర్ట్ పటాలు వేరే ఉన్నాయి.

విమానంలో కంప్యూటర్లు ఇంత పనిచేస్తున్నా, పైలట్ లైసెన్సుకు డీజీసీఏ పెట్టే నావిగేషన్ పరీక్షకు చదివే పిల్లలు ఈ లెక్కను ఇంకా చేత్తోనే వేస్తున్నారు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఆ పరీక్షల గైడ్లు దొరికితే పోలార్ స్టీరియోగ్రాఫిక్ అధ్యాయం తీసి చూడండి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే వాళ్ల చేత ఒక లెక్క చేయించండి, సమద్విబాహు త్రిభుజం, 180 డిగ్రీలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. వచ్చే వారం బేగంపేట నిజామియా అబ్జర్వేటరీకి పోదాం. అక్కడ గుండ్రటి ఆకాశాన్ని చదునైన గాజు పలకల మీదికి ఎక్కించినవాళ్లకు కూడా ఇదే చిక్కు ఎదురైంది.